సోమవారం ఉమ్మి

నల్లగండ్లలో మా పళ్ల క్లినిక్ వెనక చిన్న బాల్కనీ ఉంది. కరోనా వచ్చిన రెండో ఏడు ఆ బాల్కనీ గోడకి నేనే ఒక కాగితం అంటించాను. "ఉమ్మి శాంపిల్ ఇచ్చే ప్రతి ఒక్కరూ గమనించవలెను. అరగంట ముందు నుంచి ఏమీ తినరాదు. నీళ్లు, టీ, కాఫీ తాగరాదు. పళ్లు తోమరాదు. నోరు పుక్కిలించరాదు." అంతా నా చేతిరాతే. "ప్రతి ఒక్కరూ" అన్న మాట కింద రెండు గీతలు కూడా కొట్టాను, జనం చదవరని నా గట్టి నమ్మకం కాబట్టి.

జనం మీద నాకు అలాంటి నమ్మకాలు ఇంకా చాలా ఉండేవి. జ్వరం ఉన్నవాడు మాత్ర మింగి వస్తాడని, ఫారంలో దగ్గు లేదని టిక్కు పెట్టినవాడు మెట్ల కిందే దగ్గి వచ్చి ఉంటాడని. సగం నిజమే కూడా. ఒకసారి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం అని చెప్పుకున్న ఒకాయన నుదుటికి థర్మామీటర్ గన్ పెడితే టెంపరేచర్ నార్మల్‌గానే ఉంది. చొక్కా జేబులోంచి మాత్రం పారాసిటమాల్ షీటు తొంగి చూస్తోంది. "తలనొప్పికి వేసుకున్నా డాక్టర్" అన్నాడు. ఆయన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపేశాను. మా ఆయన నన్ను ఇంట్లో "ఇన్‌స్పెక్టర్ గారూ" అని పిలవడం ఆ రోజుల్లోనే మొదలుపెట్టారు. నాకు కోపం వచ్చేది కాదు, పైగా కొంచెం గర్వంగానే ఉండేది.

నా భయానికి కారణం లేకపోలేదు. పన్ను డ్రిల్ చేస్తుంటే నోట్లోంచి కంటికి కనపడని తుంపర లేస్తుంది. అది గదిలో చాలాసేపు తేలుతూనే ఉంటుంది. మిగతా డాక్టర్లు దూరంగా కూర్చుని మందులు రాయొచ్చు. నేను మాత్రం జానెడు దూరంలో ముఖం పెట్టి ఆ నోట్లోకే చూడాలి. అందుకే ఏసీ బంద్, కిటికీలు బార్లా, ఒంటి మీద రెయిన్‌కోటు లాంటి సూటు, లోపల చెమట కాలువలు. డ్రిల్లింగ్ అవసరమైన ప్రతివాళ్లూ ముందు రోజు ఉమ్మి పరీక్షకి ఇచ్చి తీరాలి. కుర్చీ ఎక్కాక అయోడిన్ ఎర్రమందుతో నిమిషం పాటు పుక్కిలించాలి. నేనూ పుక్కిలించేదాన్ని. ఇంట్లో బయల్దేరే ముందు ఒకసారి, క్లినిక్కి రాగానే ఒకసారి, ఆ తర్వాత ప్రతి పేషెంటుకీ ముందు ఒకసారి. నా నాలుక ఆ ఏడాదంతా ఇటుక రంగులోనే ఉంది.

క్లినిక్‌లో మేం ముగ్గురమే. నేను, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి, మా ఆయమ్మ. ఆయమ్మది పాలమూరు వైపు. నా వయసే ఉంటుంది. భర్త ఇక్కడే ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ, కూతురు టెన్త్. పాత ఊరి వైపు సందులో, వరసగా నాలుగు గదులున్న ఇంట్లో ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లు. నాలుగు గదులకీ కలిపి ఒక బాత్రూం, ఒక కొళాయి. ఆ గది దొరికింది కూడా నా వల్లే. ఇంటి ఓనరు నా పేషెంటు, ఆయన పళ్ల సెట్టు కట్టింది నేనే.

పనిముట్లన్నీ తోమి, ప్యాకెట్లలో పెట్టి, ప్రెషర్ కుక్కర్‌కి అక్కలాంటి ఆటోక్లేవ్‌లో ఉడికించడం ఆయమ్మ పని. ప్యాకెట్ మీద టేపు గీతలు నల్లబడితే సరిగ్గా ఉడికినట్టు. ఆమె చేసిన ప్రతి ప్యాకెట్టూ నేను మళ్లీ తిప్పి చూసేదాన్ని. ఒక్కసారీ తప్పు దొరకలేదు. దొరకకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉండేది.

ఆమెకి ఇంకో విద్య వచ్చు. ఉమ్మి తెప్పించడం. వినడానికి వింతగా ఉంటుంది గానీ, చదువుకున్నవాళ్లకి ట్యూబులో ఉమ్మమంటే నోరు ఎండిపోతుంది. రోడ్డు మీద ఎక్కడ పడితే అక్కడ ఉమ్మే దేశంలో, ఒక మనిషి ఎదురుగా నిలబడి "ఉమ్మండి సార్" అంటే పాపం సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు. ఆరడుగుల మనిషి ట్యూబు పట్టుకుని గోడ వైపు తిరిగి పది నిమిషాలు నిలబడేవాడు. అప్పుడు ఆయమ్మ వెళ్లేది.

"చింతకాయ తల్చుకోండి సారు. పచ్చిది. గప్పుడే చెట్టు మీదకెల్లి తెంపింది. జర ఉప్పు, జర కారం అద్ది, పంటి కింద పెట్టి గట్టిగ కొరికినట్టు..."

చెబుతూ చెబుతూ ఆమే గుటక వేసేది. అంతే, అవతలి మనిషి ట్యూబు నిండేది. నేను పక్కగదిలో ఉన్నా సరే, ఆ మాటలు చెవిన పడితే మాస్కు లోపల నా నోట్లోనూ నీళ్లు ఊరేవి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అందరి ఎంగిలీ ఎత్తి, కడిగి, శుభ్రం చేసే ఆ మనిషికి మా క్లినిక్‌లో టీ గ్లాసు వేరు. స్టీలు గ్లాసు, సింకు కింద విడిగా ఉండేది. "కరోనా కదా, ఎవరి గ్లాసు వాళ్లకుంటే మంచిది" అనేదాన్ని. ఆమె తలూపేది. నిజానికి ఆ గ్లాసు కరోనాకి రెండేళ్ల ముందే వచ్చింది. ఆ విషయం ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ప్రతి సోమవారం మా ముగ్గురి ఉమ్మి కూడా ల్యాబ్‌కి వెళ్లేది. ముగ్గురివీ కలిపి ఒకటే పరీక్ష చేసేవాళ్లు. లేదని వస్తే ముగ్గురికీ లేనట్టే. ఉందని వస్తే విడివిడిగా చూడాలి. ఒక సోమవారం ల్యాబ్ మనిషి తొందరగా వచ్చి డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పొద్దున ఇంట్లో నీళ్లు రాక హడావుడి, నేను ఎలా బయల్దేరానో నాకే తెలీదు. కారు దిగి, బ్యాగు కూడా పెట్టకుండా నేరుగా బాల్కనీలోకి వెళ్లి ట్యూబులో ఉమ్మి ఇచ్చేశాను.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్. "మేడమ్, మీ కలిపిన శాంపిల్ పాజిటివ్ వచ్చిందండి. మిగిలింది విడిగా చెయ్యడానికి సరిపోదు. ముగ్గురూ ఫ్రెష్‌గా ఇవ్వాలి. మనిషిని పంపిస్తున్నాం."

ఫోన్ పెట్టేసి మిగతా ఇద్దరినీ చూశాను. రిసెప్షన్ అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆ పిల్ల రోజూ స్కూటీ మీద ఒంటరిగా వస్తుంది, టిఫిన్ కూడా మేడ మీద ఒక్కతే కూర్చుని తింటుంది. నా కళ్లు ఆయమ్మ మీద ఆగాయి. నాలుగు కుటుంబాలకి ఒక కొళాయి. గేటు దగ్గర వచ్చే పోయే ప్రతి డెలివరీ వాడితోనూ మాట్లాడే భర్త. ఇంకెవరికి వస్తుంది? నా గురించి నేను అర క్షణం కూడా ఆలోచించలేదు. నేను డాక్టర్ని, నాకు అన్ని జాగ్రత్తలూ తెలుసు.

ల్యాబ్ మనిషి వచ్చాడు. శాంపిల్ ఇవ్వాలంటే మాస్కు తియ్యాలి. మాస్కు తీస్తే వీళ్ల నుంచి ప్రమాదం అనుకుని, అలవాటు ప్రకారం సింకు దగ్గరకి వెళ్లి ఎర్రమందుతో నిమిషం పైనే పుక్కిలించి వచ్చాను. బాల్కనీ తలుపు దగ్గర ఆయమ్మ నిలబడి ఉంది.

"మేడం, మీరిప్పుడే పుక్కిలించిండ్రు కద" అంది. వేలితో గోడ మీద కాగితం చూపించింది. "గీడ వద్దని రాసున్నది."

నాకు ఒళ్లు మండింది. "అది పేషెంట్లకి. నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

ఆమె పక్కకి తప్పుకుంది. నేను ఇచ్చాను, అమ్మాయి ఇచ్చింది, ఆఖర్న ఆమె ఇచ్చింది. ఆమె ట్యూబు వెలుతురులో పెట్టి చూశాను. పల్చగా, నీళ్లలా ఉంది. పిట్టగోడ మీద చూస్తే ఒక పేపర్ కప్పు, అడుగున ఇంకా టీ చుక్క.

"టీ తాగావా?"

"లే మేడం. గది ల్యాబ్ అన్న తాగిన కప్పు. నేనేం తాగలే, నా బిడ్డ మీద ఒట్టు."

కూతురి మీద ఒట్టు వేసినా నమ్మలేదు. ఒట్టు వేస్తోందంటేనే ఏదో ఉందనుకున్నాను.

మర్నాడు రిపోర్టులు వచ్చాయి. ముగ్గురికీ లేదు. సంతోషించాల్సింది పోయి నేను మరీ బిగుసుకుపోయాను. కలిపితే ఉన్న జబ్బు విడదీస్తే ఎక్కడికి పోతుంది? ఎవరో ఒకరు శాంపిల్ పాడు చేశారు. ఎవరన్నది నా మనసులో ముందే తేలిపోయింది. ఆయమ్మని పిలిచి పధ్నాలుగు రోజులు రావద్దన్నాను.

"ఏంది మేడం గిట్లంటరు? నాకు లేదనే వచ్చింది కద కాయితంల?"

"నీ శాంపిల్ మీద నాకు నమ్మకం లేదు."

ఆమె ఆప్రాన్ విప్పి, మడతపెట్టి స్టూలు మీద పెట్టింది. ఆ మడతలో కూడా నాకు పొగరే కనిపించింది.

అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం ఓనరుకి ఫోన్ చేశాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను. మిగతా మూడు గదుల వాళ్లకీ పిల్లలున్నారు, చెప్పకపోతే తప్పు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. "వాళ్లకి ఉందో లేదో ఇంకా తెలీదండి. కొళాయి దగ్గర, బాత్రూం దగ్గర కొంచెం విడిగా ఉంచితే మంచిదండి."

"మంచిగ చెప్పినవు డాక్టరమ్మ. పరేషాన్ గాకు, నేను చూస్కుంట" అన్నాడు.

ఆయన చూసుకున్నాడు. ఆ సాయంత్రమే బాత్రూంకి తాళం పడింది. గది ముందున్న వాళ్ల నీళ్ల డ్రమ్ము రోడ్డు మీదకి వచ్చింది. తెల్లారేసరికి భార్యాభర్తలు, కూతురు, ఒక గోనెసంచి, అన్నీ ఒకే బండి మీద ఊరికి బయల్దేరారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ పొద్దున ఆయమ్మ నుంచి నా ఫోన్‌కి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. గొడవ పెట్టుకోవడానికే చేస్తోందని నేను ఎత్తలేదు.

ఆ రోజు గురువారం. ఒకావిడకి పన్ను లోపల తాత్కాలికంగా మందు పెట్టాలి. దాన్ని లవంగ నూనెతో కలుపుతారు. పళ్ల క్లినిక్‌లో అడుగుపెట్టగానే ముక్కుకి తగిలే వాసన అదే. సీసా మూత తీశాను. ఏమీ రాలేదు. మాస్కు వల్లేమో అని బాల్కనీలోకి వెళ్లి, మాస్కు దించి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఊహూ. నీళ్ల సీసా మూత తీసినట్టే ఉంది.

వెంటనే సరుకు పంపే ఆయనకి ఫోన్ కొట్టాను. "ఏమండీ, లవంగ నూనెలో కూడా కల్తీయా? కరోనా పేరు చెప్పి ఏదిబడితే అది అంటగడతారా?"

"మేడమ్, అది సీలు వేసిన సీసా అండి. నిన్నేగా పంపాను" అన్నాడు పాపం.

సాక్ష్యం కావాలని రిసెప్షన్ అమ్మాయిని కేకేశాను. ఆ పిల్ల గది గుమ్మంలోనే ఆగిపోయింది. "మేడమ్, ఏమైనా ఒలికిందా? మాస్కులోంచి కూడా ఘాటుగా కొడుతోంది."

 ఒక చుక్క వేలితో తీసి పెదవికి రాసుకున్నాను. చురుక్కున మండింది. మంట ఉంది, వాసన లేదు. కరోనా వచ్చినవాళ్లకి పోయేది వాసనే.

తల ఎత్తితే ఎదురుగా గోడ మీద కాగితం. నోరు పుక్కిలించరాదు. నా చేతిరాత. సోమవారం హడావుడిలో పుక్కిలించకుండా ఇచ్చాను, ఉందని వచ్చింది. మంగళవారం ఎర్రమందుతో నోరంతా కడిగేసుకుని ఇచ్చాను, లేదని వచ్చింది. శాంపిల్ పాడు చేసిన మనిషి ఎవరో అప్పుడు అర్థమైంది. ఆ మాట ఆయమ్మ నా మొహం మీదే చెప్పింది కూడా.

క్లినిక్ మూసేసి ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున పళ్లు తోమకుండా, నీళ్లు కూడా ముట్టకుండా ఇచ్చాను. పాజిటివ్.

తర్వాత రెండు రోజులు నేను చేసినదానికి ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. ఆ రెండు రోజులూ ఆయమ్మకి ఫోన్ చెయ్యలేదు. ఓనరుకి తెలిస్తే నల్లగండ్ల అంతా తెలుస్తుంది, డాక్టరుకే కరోనా అంటే ఇక మా మెట్లు ఎవరెక్కుతారు? పేషెంట్లకి ఎలా చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి అని ఆలోచిస్తూ గదిలో పడుకున్నాను. అన్నం ప్లేటు గుమ్మం బయట పెడుతున్నారు. పక్కన ఒక స్టీలు గ్లాసు. మా ఇంట్లో అందరూ గాజు గ్లాసుల్లోనే తాగుతారు. ఆ స్టీలు గ్లాసు నాకోసం విడిగా తీసి పెట్టారు.

రెండో రోజు సాయంత్రం మా ఆయన తలుపు అవతల నిలబడి, నన్ను నవ్వించాలనుకున్నారు. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఇంతకీ మీకు అంటించిన దొంగ దొరికాడా?"

నాకు ఏడుపు ఆగలేదు. తలుపు ఇవతలే కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఓనరుకి చేసిన ఫోన్ సంగతి కూడా చెప్పాను. ఆయన "ముందు ఆమెకి ఫోన్ చెయ్యి" అని వెళ్లిపోయారు.

చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. వెనక గాలి హోరు.

"ఎక్కడున్నావు?"

"ఊరి బయట మేడం. మా మరిది పొలంల, బోరు మోటరు కొట్టంల ఉన్నం. పట్నంకెల్లి వచ్చినమని ఊర్లెకు రానిస్తలేరు."

"నీకేమీ లేదు. నాకే వచ్చింది. తప్పు నాది" అన్నాను. 

"నాకెరుకనే మేడం."

"ఎరుకా?"

"మీరు పుక్కిలించి ఇచ్చిన దినమే అనుకున్న. చెప్పిన గద, మీరు ఇనలే." మళ్లీ తనే అడిగింది. "ఇప్పుడు పానం ఎట్లున్నది? దమ్ము గిట్ల వస్తలేదు కద?"

నన్ను తిట్టినా బాగుండేది. ఆ పలకరింపు విన్నాక నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు, గదిలో చూసేవాళ్లెవరూ లేకపోయినా.

వెంటనే ఓనరుకి చేసి నిజం చెప్పాను. వాళ్లని మళ్లీ రానివ్వమని బతిమాలాను. "అయ్యో, రూం వేరేటోళ్లకు ఇచ్చేసిన డాక్టరమ్మ" అన్నాడు. తర్వాత ఆయన గొంతు మారింది. "గది సరే గని, సోమవారం నా పండ్ల సెట్టు సక్కగ చేసింది నువ్వే కద? అప్పటికే ఉన్నదా నీకు? ఎరుకుండే చేసినవా?"

లేదండీ, తెలీదండీ అన్నాను. ఆయన నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. అలా అడిగే పద్ధతి నాకు కొత్త కాదు. రోజూ నేను అందరినీ అడిగేది అలాగే. ఆ వారం కుర్చీ ఎక్కిన ప్రతి పేషెంటుకీ ఫోన్ చేసి చెప్పాను. కొందరు తిట్టారు, కొందరు ఫోన్ పెట్టేశారు. ఓనరుతో సహా ఎవరికీ రాలేదనే చెప్పారు. నమ్మాను, నమ్మడం తప్ప దారి లేదు.

ఆయమ్మ రెండు నెలలకి గానీ రాలేదు. వస్తుందనుకోలేదు కూడా. ఇప్పుడు ఉండేది మూసాపేటలో, చెల్లెలి దగ్గర. మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటో. భర్తకి పాత గేటు దగ్గర పని పోయింది, ఇంకా ఎక్కడా కుదరలేదు. నడిచి ఐదు నిమిషాల్లో వచ్చే మనిషి గంటన్నర ముందు బయల్దేరి వచ్చింది. నేను సింకు కింది స్టీలు గ్లాసు తీసేసి, అందరి గ్లాసులతో పాటు షెల్ఫులో పెట్టాను. ఆమె చూసింది. ఆ గ్లాసులో టీ మాత్రం తాగలేదు, సంచిలోంచి తన సీసా తీసి నీళ్లు తాగింది.

"పని చేస్త మేడం" అంది. "ఒక్కటే మాట. సోమవారం ఉమ్మి ముందుగాల మీరియ్యాలె. నేను నిలబడి చూస్త."

"సరే" అన్నాను.

మొదటి సోమవారం నాకంటే ముందే వచ్చి బాల్కనీ తలుపు దగ్గర ఉంది. నేను రాగానే లోపలికి వెళ్లి సింకులో చెయ్యి పెట్టి తడిమి చూసింది. పొడిగా ఉంది. ఎర్రమందు సీసా ఎత్తి, ముందు రోజు వెళ్లేటప్పుడు తను పెన్నుతో పెట్టిన గీత వరకే ఉందో లేదో చూసింది. వచ్చి, "నాలుక చూపియ్యుండ్రి" అంది. చూపించాను. అప్పుడు ట్యూబు నా చేతికిచ్చి ఎదురుగా నిలబడింది.

మాస్కు తీశాను. ఇన్నేళ్లుగా వేలమందిని నోరు తెరవమన్నదాన్ని, నా నోరు ఎండిపోయింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ట్యూబు పట్టుకుని గోడ వైపు తిరగబోయాను.

"ఇటే తిరుగుండ్రి మేడం" అంది. తిరిగాను.

కాసేపు చూసింది. పేషెంట్లకి చెప్పే గొంతుతోనే, నవ్వకుండా చెప్పింది. "చింతకాయ తల్చుకోండి మేడం. పచ్చిది. జర ఉప్పు, జర కారం..."

నాకు చింతకాయ గుర్తు రాలేదు. పొలంలో బోరు మోటారు కొట్టం, లోపల మూల కూర్చున్న టెన్త్ చదివే పిల్ల గుర్తొచ్చింది. ఆయమ్మ తొందరపెట్టలేదు, చూపు తిప్పుకోలేదు. ఆ ట్యూబు నిండడానికి చాలాసేపు పట్టింది.